గుఱ్ఱము మేసిన నేల (దక్కను అశ్వచరిత్ర – ఏడవ ప్రకరణము)

మా శేరిలింగంపల్లి చుట్టుపట్లనున్న చెరువులలో దేని కట్టమీద నిలిచి చూచినను, మురుగు చేరిన నీటిని కంటికి కానరాకుండ పచ్చగా కప్పివేయు మొక్క యొకటి కనబడును. దానికి మనవారు గుఱ్ఱపుడెక్క యని పేరు పెట్టిరి. దక్షిణ అమెరికా నదులలో పుట్టి, పూవు అందమునకు మురిసిన వారి చేతులమీదుగా మన దేశమునకు వచ్చి, మన చెరువులను మ్రింగుచున్న ఆ మొక్క ఆకు గుఱ్ఱపు గిట్టవలె గుండ్రముగా నుండుటయే ఆ నామకరణమునకు హేతువు. ఎన్నడును చూడని వస్తువును ఉపమానమునకు ఎవ్వడును తెచ్చుకొనడు. కావున ఆ పేరు పెట్టిన పల్లెవానికి గుఱ్ఱపు గిట్ట దినదినము కంటబడు వస్తువై యుండవలెను. నేడు ఆ కట్టకు ఇవతల అద్దపు మేడలు, అవతల అపార్టుమెంట్లు, నడుమ కార్ల బారులు. గుఱ్ఱము లేదు, డెక్క మాత్రము మిగిలినది.

గడచిన ప్రకరణమున గోలకొండ పతనమును చెప్పుచు, ఆ కోట సేనాని అబ్దుర్రజాక్ లారీ గుఱ్ఱమువద్ద కథను నిలిపితిని. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట, 1687 సెప్టెంబరులో ఒక ద్రోహి తెఱచిన దిడ్డివాకిలికి లొంగిన రాత్రి, లారీ జీను బిగించుటకైనను వ్యవధి లేక ఉత్తవీపు గుఱ్ఱముమీదికి ఉఱికి, ఒక చేత కత్తియు వేఱొక చేత డాలును పట్టి, పదిపన్నిద్దరు అనుచరులతో మొగలుసేన కెదురేగెను. ఒడలెల్ల డెబ్బది గాయములు కాగా, దారి తెలియక పగ్గము వదలివేసెను. తానును గాయపడి తూలుచున్న ఆ గుఱ్ఱము అతనిని పడనీయక మోసికొనిపోయి, నగీనాబాగులో ఒక ముసలి కొబ్బరిచెట్టు మొదటికి చేర్చెనని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసియున్నాడు. ఈ కథ వినినవారెల్లరు లారీ స్వామిభక్తిని కొనియాడుదురు; అది న్యాయమే. గుఱ్ఱమును తలచువారు తక్కువ. ఆ గుఱ్ఱమునకు ఆ దినము దాణా పెట్టిన చేయి ఎవరిదని గాని, ఆ దాణా వెల ఏ పల్లె శిస్తులోనుండి వచ్చెనని గాని అడుగువారు బొత్తిగా లేరు. ఈ ప్రకరణము ఆ దాణా లెక్క.

గుఱ్ఱమును పోషించుట యెల్లదేశములందును ఒకటే తీరు భారము కాదు. స్కాట్లండుకు ఉత్తరమున, అట్లాంటికు గాలి ఏడాది పొడవునను కొట్టుచుండు షెట్లాండు ద్వీపములు కలవు. అచ్చట చెట్లు నిలువవు. గడ్డియు పొట్టిగనే యుండును. ఆ గాలికిని ఆ కొఱతకును ఒదిగి యొదిగి అచ్చటి గుఱ్ఱము నలువదిరెండు అంగుళములకు మించని పొట్టి తట్టువ అయినది. దట్టమైన జూలు, మందమైన బొచ్చు దానికి కంబళి. శీతకాలమున మేత దొరకకున్నచో సముద్రపు ఒడ్డునకు దిగి నాచు మేయును. యజమాని దానిచేత పీటు అను మండెడు మట్టిగడ్డలను గంపలతో మోయించును గాని, దానికి దాణా వండిపెట్టడు. 1842లో బ్రిటనులో స్త్రీలను, పదేండ్లలోపు బాలురను బొగ్గుగనులలోనికి దింపరాదని చట్టము చేయగా, ఆ పిల్లల స్థానమున బండ్లు లాగుటకు ఈ తట్టువలనే భూగర్భములోనికి దింపిరి. ఇంకను పైనున్న ఐస్‌లాండులో, వెయ్యేండ్ల క్రిందట నార్వేవారు పడవలపై తెచ్చిన గుఱ్ఱముల సంతతియే నేటికిని కలదు. ఒకసారి ద్వీపము దాటిన గుఱ్ఱమునకు మరల ప్రవేశము లేదు. ఆ ద్వీపములు తమ గుఱ్ఱమును తామే కన్నవి, తమకు కలిగినదే పెట్టి పెంచుకొన్నవి.

దక్కనుది వేఱు కథ. ఇచ్చటి నేల పత్తికి మంచిది, జొన్నకు మంచిది, ఎద్దునకు మిక్కిలి మంచిది. యుద్ధపు గుఱ్ఱమునకు మాత్రము అంత మంచిది కాదు. ఎండయు, వానకాలపు తేమయు, పచ్చిక దక్కువయు కలిసి, బయటినుండి వచ్చిన జాతిని రెండుమూడు తరములలో పొట్టిచేసివేయును. కావున కాకతీయుల కాలమునుండి నిజాముల కాలమువఱకు ఈ దేశపు రాజులెల్లరు గుఱ్ఱమునకై సముద్రమువైపు చూచినవారే. పదమూడవ శతాబ్దపు చివర దక్షిణాపథమును చూచిపోయిన మార్కోపోలో, పాండ్యదేశమున ఏటేట వేలకొలది గుఱ్ఱములను కొనుచుండిరనియు, వానిని చూచుకొను నేర్పుగల వైద్యులు లేనందున అవి ఏడాది తిరుగకమున్నే చచ్చుచుండెననియు, గుఱ్ఱపు వైద్యులను ఈ దేశమునకు రానీయకుండ ఆపువారు ఆ గుఱ్ఱములనమ్ము వర్తకులేననియు వ్రాసెను. చచ్చిన గుఱ్ఱమే వర్తకుని లాభమని అతని భావము. విజయనగరమున ఈ వ్యాపారము పరాకాష్ఠ నందెను. పోర్చుగీసు వర్తకుడు నూనిజు చెప్పిన ప్రకారము, సాళువ నరసింహరాయలు హొర్ముజు గుఱ్ఱములను బ్రతికినవానిని చచ్చినవానిని కలిపి వేయివరహాలకు మూడు చొప్పున కొనెను. సముద్రముమీద చచ్చినదాని తోకను తెచ్చి చూపినను, బ్రతికిన గుఱ్ఱమునకిచ్చినట్లే వెల చెల్లించెనట. తోకకు వెల కట్టిన రాజు పిచ్చివాడు కాడు. తానిట్లు కొననిచో వర్తకుడు ఆ ఓడను పొరుగురాజు రేవునకు త్రిప్పునని ఎఱిగినవాడు.

దక్కనుకు సొంత గుఱ్ఱము బొత్తిగా లేకపోలేదు. భీమానదీతీరమున భీమ్‌థడి యను పొట్టిజాతి యొకటి కలదు. మరాటా రౌతులు దానిమీదనే మొగలులను ముప్పుతిప్పలు పెట్టిరి. నాందేడు సమీపమున మాళేగావ్ ఖండోబా జాతరలో గుఱ్ఱముల సంత నేటికిని సాగుచున్నది. తెలంగాణపు పల్లెలలో పట్వారీ యెక్కినదియు, సంతవర్తకుడు మూటలు వేసినదియు ఇట్టి తట్టువయే. ఇది షెట్లాండు తట్టువకు వేలువిడిచిన చుట్టము. చొప్ప నమలును, గట్టున మేయును, యజమానిని పెద్దగా పీడింపదు. కాని దర్బారునకు తట్టువ పనికిరాదు. అమీరునకు ఎత్తైన అరబ్బీయో ఇరాకీయో కావలెను. ఆ గుఱ్ఱము ఈ దేశమున అతిథి. అతిథికి వండి వడ్డింపవలెను. వండుటకు ధాన్యము కావలెను, ధాన్యమునకు పల్లె కావలెను. ఈ చిన్న తర్కమునుండియే దక్కను జాగీరుల చరిత్ర సగము పుట్టినది.

మొగలులు ఈ తర్కమును అంకెలలో పెట్టిరి. మన్సబుదారుని హోదాకు రెండు సంఖ్యలుండెను: జాత్ అనునది అతని సొంత అంతస్తు, సవార్ అనునది అతడు సర్కారు కొలువునకు తేవలసిన రౌతుల లెక్క. ఆ లెక్కకు తగినంత శిస్తు వచ్చు పల్లెలను అతనికి జాగీరుగా వ్రాసియిచ్చెడివారు. అనగా పల్లెను కొలిచినది గుఱ్ఱముతోనన్నమాట. ఇచ్చిన పల్లెకు తెచ్చిన గుఱ్ఱము సరిపోయెనా యని చూచుటకై అక్బరు కాలమున రెండు ఏర్పాటులు స్థిరపడెను. గుఱ్ఱపు తొడమీద కాల్చిన ముద్ర వేయుట దాగు. రౌతుయొక్కయు గుఱ్ఱముయొక్కయు ఆనవాళ్లను కాగితమున కెక్కించుట చెహ్రా. చెహ్రా యనగా ముఖము. సంతలో అద్దెకు తెచ్చిన గాడిదవంటి గుఱ్ఱమును హాజరునాడు నిలిపి జీతము దండుకొను మన్సబుదారులు చాలమంది యుండిరి గనుకనే ఈ జాగ్రత్త పుట్టెను. మా హైటెక్ సిటీలో ఉద్యోగులు ఉదయము గవిని దగ్గఱ యంత్రమునకు ముఖము చూపి లోనికి పోవుచుండగా, కొలువున్నచోటనెల్ల చెహ్రా యుండక తప్పదు గదా యని నాకు నవ్వు వచ్చును.

ఈ చెహ్రా కాగితములు కట్టుకథలు కావు. తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారమున (స్టేట్ ఆర్కైవ్స్) షాజహాను, ఔరంగజేబుల దక్కను కార్యాలయపు పత్రములు వేలు లక్షలుగా భద్రపఱుపబడియున్నవి. వానిలో అర్జ్-ఓ-చెహ్రా యను తెగ యొకటి ప్రత్యేకముగ కలదు. రౌతు పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, మొగముమీది మచ్చ; ఆ తరువాత అదే శ్రద్ధతో గుఱ్ఱపు జాతి, రంగు, గుర్తు. వేయి యుద్ధములను వర్ణించిన తవారీఖులలో పేరెత్తబడని సామాన్యుడొకడు తన గుఱ్ఱముతో జతగా ఆ కాగితముమీద మూడువందల యేండ్లకు పైగా నిలిచియున్నాడు. చచ్చిన గుఱ్ఱమునకు బదులు గుఱ్ఱము కోరవలెనన్న, ముద్రగల తోలుముక్కను కోసి తెచ్చి చూపవలసియుండెను. విజయనగరమున తోక, మొగలుకొలువున తోలు. రుజువు మాఱెను గాని, గుఱ్ఱమునకై లెక్క చెప్పవలసిన అవస్థ మాఱలేదు.

అసఫ్‌జాహీల కాలమునకు ఈ లెక్క ఒక వంశమునకు పేరే అయి కూర్చుండెను. పాయిగా యను పారసీ పదమునకు హోదా యనియు, గుఱ్ఱపుశాల యనియు, దళమనియు అర్థములు కలవు. మరాటీలో అదే పాగా యైనది. తెలుగున మనము 'పాగా వేసినాడు' అనుటలో ఆ మరాటా గుఱ్ఱపుదండు విడిసిన జ్ఞాపకమే కలదని నా ఊహ. రెండవ నిజాము నిజామలీఖాను కాలమున అబుల్ ఫతేఖాన్ తేగ్ జంగుకు షంసుల్ ఉమరా బిరుదమును, నిజాము సొంత ఆశ్వికదళపు పోషణభారమును లభించెను. ఆ దళమునకే పాయిగా యని పేరు. దాని ఖర్చునకై ఇచ్చిన తాలూకాలు పాయిగా ఇలాకాలు. వానిని అనుభవించినవారు పాయిగా అమీరులు. నిజాముల కుమార్తెలను పెండ్లాడి, నిజాము తరువాత తామే యనిపించుకొన్న ఆ మహాకుటుంబము పేరునకు తెలుగు చెప్పవలెనన్న లాయమువారు అనవలెను. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు ఆ ఇలాకా ఖుర్షీద్ జా, ఆస్మాన్ జా, వికారుల్ ఉమరాల పేర మూడు పాయిగాలుగా చీలెను. వికారుల్ ఉమరా ఫలక్‌నుమా కట్టించెను. ఆస్మాన్ జాయు అతడును ప్రధానమంత్రులైరి. సంతోష్‌నగర్ దాపున పిసల్‌బండలో సున్నపు జాలరపు పనితనముతో మెఱయు పాయిగా సమాధులను చూచువారికి అందెక్కడను గుఱ్ఱపు సకిలింత వినబడదు. ఆ సున్నములో కరగినది మాత్రము దాణా కొఱకిచ్చిన సొమ్మే.

ఇట్టి లాయములో దినమెట్లు గడచెనో కొంచెము దగ్గఱనుండి చూతము. పెద్ద లాయములో ఒక్కొక్క గుఱ్ఱమునకు దానిని చూచుకొను సయీసు ఒకడు, ఒక గడ్డికోయు మనిషి, వెరసి రెండు కుటుంబముల బ్రదుకు ముడిపడియుండెను. తెల్లవాఱకమునుపే సయీసు లేచి, రాత్రి పఱచిన గడ్డిలో తడిసినదానిని తీసి ఎండలో వేసి, లద్దె యెత్తి, నేలను ఊడ్చును. గుఱ్ఱమును గోడకు కట్టుట కాదు. మెడత్రాళ్లు రెండు ముందు మేకులకును, వెనుకకాళ్ల త్రాళ్లు వెనుక మేకులకును బిగించి నడుమ నిలుపుదురు. ముందరిది అగాడి, వెనుకటిది పిచ్ఛాడి. తరువాత ఖరారా యను ఇనుపపండ్ల దువ్వెనతో ఒడలి దుమ్ము లేపి, గడ్డితో చుట్టిన కుచ్చుతో గట్టిగా రుద్ది, చివరకు అరచేతితో నిమురును. చేతికి మెత్తన తగిలి, వెండ్రుక జిగి తేలువఱకు ఆ పని ముగియలేదన్నమాట. ఇది అలంకారము కాదు. రోజంతయు కట్టుబడియున్న జంతువునకు నెత్తురు నడిపించు వైద్యము.

దాణా విషయమున దక్కనుకు తన పద్ధతి కలదు. అరేబియాలో గుఱ్ఱమునకు యవలు. ఇచ్చట ఉలవలు, శనగలు. ఉలవను ఏరి, రాళ్లు తీసి, నానవేసి, పెద్ద కుండలో మెత్తనగునట్లు ఉడికించి, చల్లార్చి, దానిని సంచిలో పోసి గుఱ్ఱపు మూతికి తగిలించుదురు. మొదట నీరు, పిదప దాణా. దాణా తిన్నవెంటనే నీరు పెట్టిన కడుపు ఉబ్బి శూల పుట్టునని ప్రతి సయీసు కుఱ్ఱనికిని మొదటి పాఠము. ఉడికిన ఉలవ పశువునకు పోగా మిగిలిన కట్టునుండియే మన ఉలవచారు పుట్టెనని పెద్దలు చెప్పుదురు. నేడు కొండాపురపు హోటళ్లలో మీగడ వేసి, వెలగట్టి వడ్డించు ఆ చారునకు మూలము పశువులశాల పొయ్యి. గుఱ్ఱము తిని మనకు మిగిల్చినది అదొక్కటేనేమో!

గడ్డి వేఱు కథ. దక్కనున గుఱ్ఱమునకు ఇష్టమైనది గరిక. వానలు వెళ్లిన పిమ్మట పైగడ్డి ఎండిపోయినను, నేలలో దాని వేరు తీయగా నుండును. గడ్డికోయువారు, వారిలో స్త్రీలే తఱచు, చిన్న పారతో నేలను గీకి గీకి ఆ వేరును త్రవ్వి, మన్ను దులిపి, కాలువలో కడిగి మోపు కట్టి, మధ్యాహ్నమునకు లాయమునకు చేర్చవలెను. మోపు తక్కువైన జమేదారు తిట్టును. మన్ను మిగిలిన గుఱ్ఱము దగ్గును. లాయపు లెక్కలలో అరబ్బీ వెల వ్రాయబడినది, సయీసు జీతము వ్రాయబడినది. ఎండలో వంగి, గుఱ్ఱపు ఆకలిని అరంగుళము అరంగుళముగా నేలనుండి పెఱికిన ఆ స్త్రీ నడుమునొప్పికి మాత్రము పద్దు లేదు.

ఇక రోగములు. గుఱ్ఱపు వైద్యునికి దక్కనీలో సలోత్రీ యని పేరు. పలుకు తురకభాషవలె వినబడును గాని, అది మన శాలిహోత్రుడే. అశ్వశాస్త్రమునకు ఆద్యుడని పేర్కొనబడు ఆ ఋషి పేరు సుల్తానుల లాయములలో టోపీ పెట్టుకొని తిరిగినది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసమును రచించెను. గుఱ్ఱపు సుడులు ఎచ్చటనున్న శుభము, ఎచ్చటనున్న యజమానికి కీడు అను విచారము కొనుగోలునందు హిందువునకును ముసల్మానునకును సమానమే. నాలుగు కాళ్లును ముఖమును తెల్లనైన పంచకల్యాణిని చూచిన నవాబు కన్నును, నాయుడి కన్నును ఒక్కతీరుగనే మెఱయును. లాడములు వేయు నాల్‌బందు గిట్టను ఒడిలో పెట్టుకొని చెక్కునప్పుడు మాత్రము శాస్త్రమంతయు అతని బొటనవ్రేలిలో నుండును. రవంత లోతు పోయినచో వేయివరహాల గుఱ్ఱము కుంటిది. కుంటిదైనను తినుట మానదు. 'గుఱ్ఱము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అను మన సామెతను కనిపెట్టినవాడు తప్పక లాయపు పద్దులు వ్రాసిన గుమాస్తాయై యుండును.

ఆ సామెత రాజ్యములకును వర్తించెను. ఇంగ్లీషువారు నిజామునకు రక్షణగా ఏర్పఱిచిన కంటింజెంటు సైన్యపు జీతములు బకాయిపడగా, 1853 సంధిలో నిజాము బేరారును, ధారాశివ్‌ను, రాయచూరు అంతర్వేదిని వారి పాలన కప్పగింపవలసి వచ్చెను. కడపటి రెండును 1860లో తిరిగి వచ్చినవి, బేరారు మాత్రము రాలేదు. మన్సబుదారుడు పల్లెను తిన్నట్లే, ఆ సేన యొక రాష్ట్రమును తినెను. ఆ సేనలోని ఆశ్వికదళములలో నొకటి దక్కన్ హార్స్ అను పేరున 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధమున హైవుడ్ అను తోపుపై ఈటెలతో దుమికినది. ఆ రెజిమెంటు నేడును భారతసైన్యమున అదే పేరుతో నున్నది, ఎక్కునది మాత్రము ట్యాంకులను. నిజాము సొంత లాన్సర్లు 1914లో ఓడలెక్కి సూయజు కాలువను కాచి, పాలస్తీనావఱకు పోయిరి. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లవి.

ఇంటిదగ్గఱ కొలువు తగ్గినకొలది గుఱ్ఱము వినోదమునకు దిగినది. 1868లో మౌలాలీవద్ద మొదలైన పందెములు 1886లో నిజాము మహబూబలీఖాను కాలమున మలకుపేటకు మాఱెను. పేటల పేర్లలో కొలువు గుఱుతు మిగిలినది. మాసాబు చెరువు దాపున ఫస్ట్ లాన్సర్ అను బస్తీ యున్నది. ఆ చేరువనే ఏసీ గార్డ్స్ కలదు. ఈ కాలపు పిల్లలు దానిని చల్లయంత్రములకు కావలి యనుకొందురు గాని, అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అనగా నిజాము కొలువులో గుఱ్ఱమెక్కిన హబ్షీ రౌతుల నివాసము. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదుపై జరపిన చర్యకు ఆపరేషన్ పోలో యని పేరు పెట్టిరి. అప్పుడీ నగరమున పదిహేడు పోలో మైదానములుండుటయే అందులకు కారణమని ప్రతీతి. వచ్చినవి ట్యాంకులు; పేరు గుఱ్ఱపాటది. మఱుసటియేడు జాగీరుల రద్దు శాసనము వచ్చెను. దళము లేదు, దళమునకై ఇచ్చిన ఇలాకా లేదు. లెక్క ముగిసినట్లే కనబడెను.

ముగియలేదు. శేరిలింగంపల్లి మండలమున హఫీజుపేట యను గ్రామమున్నది. ఎమ్ఎమ్‌టీఎస్ బండి లింగంపల్లి చేరకమునుపు ఆగు స్టేషనులలో అది యొకటి. ఆ భూములు ఖుర్షీద్ జా పాయిగాకు చెందినవి. వారసుల పంపకమునకై పుట్టిన వ్యాజ్యము హైకోర్టులో 1958వ సంవత్సరపు 14వ నంబరు సివిల్ సూటుగా నమోదై, హఫీజుపేటను హైదరునగరును కలుపుకొని, తరములు గడచినను కొత్తకొత్త దరఖాస్తులతో వార్తల కెక్కుచునే వచ్చినది. శేరి యనగా ప్రభువు పరులకీయక తన సొంతమునకు సాగుచేయించుకొను భూమి. కావున మా ఊరి పేరులోనే నేల ఎవరిదను ప్రశ్న కలదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు, గరికవేరు మొలచిన నేల చదరపు గజముల లెక్కకు వచ్చెను. ఇల్లు కొనబోవు యువకుడు వకీలునొద్ద లింకు డాక్యుమెంట్లు తిరగవేయించునప్పుడు, ఏ పుటలోనో పాయిగా యను మాట తగులును. అది ఎవరో నవాబు ఇంటిపేరనుకొని అతడు పుట త్రిప్పును. అది గుఱ్ఱపుశాల. అతడు ముప్పదియేండ్ల బాకీకి ఒప్పుకొని కొనుచున్న ఆ నేల ఒకనాడు గుఱ్ఱమునకు జీతముగా వ్రాసిన నేల.

గడచిన మాఘమాసమున మా వీధిచివర ఫంక్షన్ హాలువద్ద బరాతునకు తెచ్చిన తెల్లగుఱ్ఱమొకటి నిలిచియుండెను. పెండ్లికొడుకింకను రాలేదు. బాజావారు తోళ్లు కాచుకొనుచుండిరి. గుఱ్ఱమునకు జరీగుడ్డ కప్పి, నుదుట అద్దాల పట్టీ కట్టి, దాని ముసలి సయీసు ముందఱ నేలమీద గొంతుకూర్చుండి, డొప్పలో ఏదియో పిసుకుచుండెను. దగ్గఱకు పోయితిని.

"చాచా, ఏం పెడుతున్నావు?"

"ఉల్వలు సార్. నానవెట్టినవి. రాత్రికి శనిగలు."

"చప్పుడుకు బెదరదా?"

"చెవులళ్ల దూది వెట్టిన. అలవాటైంది దీనికి. మనకే కాలే."

అతడు లేచి, గుఱ్ఱపు మెడమీద అరచేయి ఆనించి క్రిందికి నిమిరెను. ఖరారా లేదు, కుచ్చు లేదు. ఆ నిమురుట మాత్రము లాయపు నిమురుటయే. పెండ్లిండ్లున్న దినములలో గిట్టుబాటగునా యని అడిగితిని.

"పెండ్లిండ్లున్నప్పుడు అయితది సార్. మూఢం వస్తది గద, అప్పుడు ఒక్క కిరాయి ఉండది. మూఢమని ఇది తినుడు బందువెట్టదు."

"పగలు ఎక్కడైనా మేతకు వదులుతావా?"

అతడు డొప్పను గుఱ్ఱపు మూతికడ పెట్టి, ఆ వీధిని ఈ చివరనుండి ఆ చివరవఱకు ఒకసారి చూచెను. ఒక ప్రక్క ఇరువదియంతస్తుల మేడ, ఒక ప్రక్క ఇనుపరేకులు చుట్టిన ఖాళీస్థలము. ఆ రేకుమీద ఈ భూమి కోర్టు వ్యాజ్యములో నున్నదని ఎఱ్ఱని అక్షరములు.

"ఎక్కడ మేస్తది సార్? జాగ ఏది?"

లోపల గడ్డి మోకాలియెత్తు పెరిగి, రేకుల సందులనుండి బయటికి తలలు చాచియుండెను. గుఱ్ఱము డొప్ప నాకి ముగించి, మెడ సాచి, ఆ సందులోని గడ్డిని రెండు పరకలు పీకి నమలెను. అంతలో బాజా మ్రోగెను; సయీసు పగ్గము అందుకొనెను.

(పై ప్రకరణము: జట్కాబండి)